1923 ఫోర్డ్ మోడల్ టి: ఏళ్ల తరబడి నడిపాక నా అభిప్రాయం

పాత మోడల్ టి కొనాలనుకునే వాళ్లకు నేను మొదట చెప్పే మాట ఒక్కటే. రంగు చూసి మోజు పడకండి, వెనుక ఇరుసు విప్పించి చూడండి.

మిషిగన్‌లో నా దగ్గరున్నది 1923 టూరింగ్ బండి, అంటే గుడ్డ టాపు మడిచే రకం. ఒక రైతు కుటుంబం దగ్గర మొదలై, చేతులు మారుతూ నా దాకా వచ్చింది. మధ్యలో ఒకాయన చాలా ప్రేమగా బాగు చేయించారు. ఎర్ర రంగు, తళతళలాడే లైట్లు, కొత్త సీట్లు. కానీ ఇరుసు జోలికి మాత్రం వెళ్లలేదు. మోడల్ టిలో కాలి బ్రేకు చక్రాల మీద పనిచేయదు, గేరుపెట్టె లోపల పనిచేస్తుంది. ఆ పట్టు చక్రాల దాకా చేరాలంటే వెనుక ఇరుసులోని పళ్లచక్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండాలి. వాటిని అక్కడ నిలబెట్టే వాషర్లను ఫోర్డ్ వాళ్లు బాబిట్ అనే మెత్తని లోహంతో చేశారు. వయసు మీద పడితే అది పగిలిపోతుంది, పళ్లు పక్కకు తప్పుకుంటాయి. అప్పుడు ఇంజన్ లాగదు, కాలి బ్రేకూ పనిచేయదు. నేను రోడ్డెక్కించక ముందే ఇరుసు విప్పిస్తే గ్రీజులో బూడిద రంగు ముక్కలు కనబడ్డాయి. వేళ్ల మధ్య పెట్టి నలిపితే పొడైపోయాయి. అంత అందమైన ఎర్ర బండి ఆ వాషర్లతోనే ఊరేగింపులకు వెళ్లి వచ్చేది! కంచు వాషర్లు వేయించాకే గరాజు దాటనిచ్చాను.

చరిత్ర తవ్వడం నాకు మరీ ఇష్టమైన పని. ఆ రోజుల్లో ఇంజన్ నంబరే బండి నంబరు. బ్లాకుకు ఎడమ పక్క, నీళ్లు లోపలికి వెళ్లే గొట్టం పైన కొట్టి ఉంటుంది. నా ఇంజన్ నంబరు 1925 నాటిది, కాగితాల్లోనూ అదే ఏడాది. బాడీ మాత్రం వేరే కథ చెబుతోంది. వెనక్కి వాలిన ముందు అద్దం 1923 మోడల్‌తో వచ్చింది. ఇంజన్ వెనుక చెక్క అడ్డుగోడ ఆ మోడల్ నడుస్తుండగానే రేకుగా మారిపోయింది. నా బండికి వాలిన అద్దమూ ఉంది, చెక్క గోడా ఉంది. అంటే బాడీ 1923దే, ఎవరో తర్వాత ఇంజన్ మార్చారు. అసలు ఇంజన్ కోసం వెతకమని చాలామంది చెప్పారు, నేను ఒప్పుకోలేదు. పొలం పనుల మధ్య పాడైన ఇంజన్ తీసి మరోటి బిగించడం కూడా ఈ బండి చరిత్రే. ఫుట్‌బోర్డు మీద పనిముట్ల పెట్టె బిగించిన రంధ్రాలనూ అలాగే ఉంచాను. ఎర్ర రంగు మాత్రం తీసేయించాను. 1914 నుంచి 1925 దాకా ఈ బండ్లు నలుపులోనే వచ్చాయి, సీటు కింద పెట్రోలు ట్యాంకు తీస్తే ఆ పాత నలుపు ఇంకా అంటుకునే ఉంది.

ఇప్పటి కార్ల అలవాటు ఇక్కడ ప్రమాదం. కుడి పెడల్ బ్రేకు, నడిమిది రివర్సు. ఎడమది పూర్తిగా తొక్కిపడితే లో గేరు, వదిలేస్తే హై. యాక్సిలరేటర్ స్టీరింగ్ కింద, కుడి చేతి దగ్గర. ఎడమ చేతి దగ్గరున్నది స్పార్కు లివర్, ఇంజన్‌లో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో సర్దేది. ఇంజన్ స్టార్ట్ చేయడానికి బండి ముందు హ్యాండిల్ కొట్టే ముందు అది పూర్తిగా పైకి ఉండాలి, లేదంటే ఇంజన్ ఎదురుతిరిగి చెయ్యి విరిచేస్తుంది. బొటనవేలు చుట్టకుండా, ఎడమ చేత్తో కింది నుంచి పైకి లాగాలి. తెనాలి నుంచి వచ్చిన మా నాన్నగారికి ఇదేమీ వివరించాల్సిన పని పడలేదు. లారీ క్లీనర్లు హ్యాండిల్ కొట్టడం చూస్తూ పెరిగిన మనిషి, ఆయనే రెండడుగులు పక్కకు జరిగి నిలబడ్డారు. చలికాలం చిక్కబడ్డ ఆయిల్‌కి క్లచ్ పలకలు అతుక్కుని, స్టార్టయీ కాగానే బండి మన మీదికి పాకుతుంది. అందుకే ఒక వెనుక చక్రాన్ని జాకీ మీద లేపి కొడతాను. ఇంజన్ వేడిగా ఉండి పిస్టన్ సరైన చోట ఆగి ఉంటే అదృష్టమే. తాళం తిప్పి స్పార్కు లివర్ కదిపితే కాయిల్ జుయ్‌మంటుంది, హ్యాండిల్ ముట్టుకోకుండానే ఇంజన్ అందుకుంటుంది. ఎన్నేళ్లయినా ఆ క్షణం నాకు పండగే.

20 గుర్రాల శక్తి, గంటకు 35 మైళ్లు దాటితే నాకే టెన్షన్. పల్లె రోడ్ల మీద మాత్రం దీనంత హాయి ఇంకెక్కడా దొరకదు. పెట్రోలు పంపు లేదు, ట్యాంకు నుంచి కార్బురేటర్‌కు తనంతట తానే దిగాలి. ట్యాంకులో కొంచెమే ఉండి ఎత్తు ఎక్కాల్సి వస్తే, ట్యాంకు కార్బురేటర్ కంటే పైన ఉండేలా రివర్సులో ఎక్కాలి.

కోటిన్నర బండ్లు తయారయ్యాయి కాబట్టి విడిభాగాలకు ఇప్పటికీ కొదవ లేదు. కొరత చేయి తిరిగిన పనివాళ్లకే. ఇంజన్ బేరింగులకు బాబిట్ పోయించడానికి ఒక షాపుకిస్తే నెలల తరబడి తిప్పించుకున్నారు, తీరా ఒక బేరింగు మళ్లీ పోయించాల్సి వచ్చింది. ఆ పని చేసేవాళ్లను ఎంచుకునే ముందు వాళ్లు చేసిన ఇంజన్ నడుస్తుంటే విని రండి. మిషిగన్‌లోనే డియర్‌బర్న్‌లో ఉన్న గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ అనే ఆరుబయటి మ్యూజియంలో మోడల్ టి ఎక్కించి తిప్పుతారు, కొనే ముందు అదీ ఒకసారి ఎక్కి చూడండి.

ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ తగ్గించింది బ్రేకులకే. వెనుక చక్రాలకు బయటి నుంచి పట్టే అదనపు బ్రేకులు దొరుకుతాయి. పాతదనం పోతుందని వద్దనేవాళ్లున్నారు. నేను పెట్టించాను, మా పిల్లలు వెనుక సీట్లో కూర్చుంటారు.