నాలుగేళ్ళుగా నా చేతిలో ఉన్న తాటాకు విసనకర్ర

దీన్ని అంతర్వేది తీర్థంలో 40 రూపాయలకు కొన్నాను. అప్పుడు నాకు 47 ఏళ్ళు. మాఘమాసం, సముద్రం మీంచి చల్లగాలి కొడుతోంది. అందరూ శాలువాలు కప్పుకుని తిరుగుతుంటే నాకు మాత్రం గుండెల దగ్గర మొదలై మెడ, చెవులు, నడినెత్తి దాకా ఆవిరి ఎక్కేసింది. జాకెట్టు వీపు తడిసిపోయింది. విసనకర్రలు అమ్ముకునే ఆవిడ నా మొహం చూసి, అడక్కుండానే ఒకటి తీసి విసరడం మొదలెట్టింది. "నాకూ ఇంతేనండి అమ్మగారూ. ఇవి అమ్ముకుంటున్నాను కాబట్టి సరిపోయింది" అంది. ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాం.

తర్వాత డాక్టరమ్మ చెప్పారు, ముట్లు ఆగిపోయే రోజుల్లో ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గుతుందట. మెదడులో ఒంటి వేడిని చూసుకునే భాగం కాస్త వేడికే కంగారుపడి, చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుందట. అందుకే ఆ ఎరుపు, ఆ చెమట. కొద్ది నిమిషాల్లో అది దిగిపోయి, వెంటనే చలేస్తుంది. ఆ కొద్ది నిమిషాలకు ఈ విసనకర్రను మించింది నాకు దొరకలేదు. మా అబ్బాయి ముచ్చటపడి మెడకు వేసుకునే బ్యాటరీ ఫ్యాన్ కొనిచ్చాడు. జుట్టు అందులో చిక్కుకునేది, సరిగ్గా కావలసినప్పుడే ఛార్జింగ్ అయిపోయేది. విసనకర్ర అలా కాదు, తలగడ కిందే ఉంటుంది. రాత్రి రెండింటికి మెలకువ వస్తే, పక్కన దుప్పటి ముసుగు తన్ని పడుకున్న మనిషిని లేపకుండా విసురుకోవచ్చు. ఆకు మీద నాలుగు చుక్కలు నీళ్ళు చిలకరిస్తే గాలి ఇంకా హాయిగా ఉంటుంది.

లోపాలూ ఉన్నాయి. మా కోనసీమ వానలకు బూజు పడుతుంది, ఎండ వచ్చిన రోజున ఆరబెట్టాలి. ఏడాది తిరిగేసరికి అంచు చీలుతుంది. దానికి నేను నా పాత జాకెట్టు గుడ్డ కుట్టాను. ఈ వయసులో ఒళ్ళు నడుము దగ్గరే చేరుతుంది కదా, లోపల వదిలిన మూడు కుట్లూ ఒక్కొక్కటే విప్పించి, ఇక విప్పడానికేమీ లేనప్పుడు ఆ ఆకుపచ్చ జాకెట్టును కత్తిరించేశాను. అంచు ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

కిందటి మార్గశిరంలో మా ఆడపడుచు ఇంట్లో సత్యనారాయణ వ్రతం. కథ మొదటి అధ్యాయంలోనే నాకు ఆవిరి వచ్చింది. విసురుకుంటుంటే వెనకనుంచి మా తోటికోడలు "అక్కా, ఒక్కసారి ఇటియ్యి" అంది. ఆమె దగ్గర్నుంచి ఇంకొకరు, వాళ్ళ దగ్గర్నుంచి ఇంకొకరు. నాలుగో అధ్యాయానికి గానీ మళ్ళీ నా చేతికి రాలేదు. ఎవరికి వాళ్ళం మాకొక్కరికే అనుకుంటున్నాం ఇన్నాళ్ళూ! ప్రసాదాలు అయ్యాక 78 ఏళ్ళ మా అత్తగారు అన్నారు: "మాకూ వచ్చే ఉంటాయే. పొద్దస్తమానం పొయ్యి దగ్గరే ఉండేవాళ్ళం, పొయ్యి సెగే అనుకున్నాం." ముందు అందరం నవ్వాం. తర్వాత నేను ఆవిడ పక్కన కూర్చుని చాలాసేపు విసిరాను.

విసనకర్రతో సరిపెట్టుకోకూడనివీ ఉన్నాయి. 12 నెలలు ముట్టు రాకుండా ఉండి మళ్ళీ ఏ కాస్త కనిపించినా వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి. నాకు అలా కనిపిస్తే స్కానింగ్ చేయించుకున్నాను, ఇబ్బందేమీ లేదన్నారు. ఆవిర్లకు నిద్ర కరువైపోతుంటే వాటికీ మందులున్నాయి, అడగడానికి సిగ్గుపడకండి.

ఈసారి తీర్థంలో ఇంకో నాలుగు కొనమని మావాళ్ళు డబ్బులిచ్చారు. అంచులకు ఎవరి జాకెట్టు వాళ్ళే తెచ్చుకుంటారట.