పదకొండేళ్ళ సీజన్ పాస్: పొద్దుటి బండికి నాలుగు స్టార్లు, సాయంత్రం బండికి రెండు

దుగ్గిరాల నుంచి బెజవాడకి రైలు సీజన్ పాస్ మీద తిరగడం మొదలుపెట్టింది 2014 జూన్‌లో. గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తాను. కరోనా కాలం తీసేస్తే ఇప్పటికీ అదే పని, అదే దారి, దాదాపు అదే పెట్టె. మొన్న మా వీధిలో కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి "అక్కా, ఇప్పుడు మనకి బస్సు ఫ్రీయే కదా, ఇంకా రైలు పాస్ ఎందుకు కొంటున్నావ్?" అని అడిగింది. గుమ్మంలో నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదది. చీపురు చేత్తో పట్టుకుని కాసేపు ఆలోచించి, రాసి పెడతాలే అన్నాను. ఇదిగో.

డబ్బు సంగతి ముందే తేల్చేస్తా, అది చిన్న విషయం. నెల పాస్ ధర సుమారుగా పదిహేను ఒకవైపు ప్రయాణాల లెక్క మీద కడతారు. నేను నెలకి ఇరవై ఆరు రోజులు వెళ్ళి వస్తా, అంటే యాభై రెండు ప్రయాణాలు. మూడు నెలలకి ఒకేసారి తీసుకుంటే మూడు రెట్లు కాదు, 2.7 రెట్లే. గడువు తీరడానికి పది రోజుల ముందు నుంచే రెన్యువల్ చేయించుకోవచ్చు, పాత గడువులో రోజులేమీ పోవు. ఈ మాట తెలియక మొదటి రెండేళ్ళు ఆఖరి రోజు దాకా ఆగి, ఒకటో తారీఖు క్యూలో నిలబడి, కళ్ళముందే బండి వెళ్ళిపోతుంటే చూశాను. సంపాదన ఎంత తక్కువైనా ఈ ఖర్చు ఇంటి బడ్జెట్‌లో కనపడదు. పాస్‌కి అసలు ధర డబ్బుల్లో కట్టం, సాయంత్రాల్లో కడతాం. అక్కడికే వస్తున్నా.

పొద్దుటి బండి తెనాలిలోనే సగానికి పైగా నిండి వస్తుంది. కొలకలూరు దాటి మా దగ్గరికొచ్చేసరికి సీట్ల మీద మనుషులు లేకపోతే కర్చీఫులుంటాయి. కానీ పసుపు సీజన్‌లో మా ఊరివాళ్ళకో అదృష్టం ఉంది. దుగ్గిరాల పసుపు మార్కెట్ యార్డుకి వచ్చే కూలీలు ఆ బండిలోనే వచ్చి మా స్టేషన్లో దిగుతారు. వాళ్ళు దిగిన చోట మేం కూర్చుంటాం. మొదటి ఏడాది తెల్ల చున్నీ వేసుకుని అలాగే కూర్చున్నా. షాపుకెళ్ళి చూస్తే వెనక భాగమంతా పసుపు. నిన్నటి బస్తాల పసుపు వాళ్ళ బట్టల నుంచి బెంచీకీ, బెంచీ నుంచి నాకూ వచ్చింది. "ఏమ్మా, పెళ్ళికూతుర్ని చేశారా?" అని మా ముసలి గుమస్తా గారు రోజంతా ఏడిపించారు. అప్పట్నుంచి ఫిబ్రవరి వస్తే ముదురు రంగు బట్టలే కడతా.

ఎక్కేవాళ్ళకి ఒక మాట: సీటు దొరికే అవకాశం ఉంటే బండి వెళ్ళే దిక్కుకి ఎడమ వైపు కిటికీ పట్టుకోండి. ఈ లైను దాదాపు నిటారుగా దక్షిణం నుంచి ఉత్తరానికి పోతుంది. పొద్దున బెజవాడ వెళ్ళేటప్పుడు ఎండ కుడి పక్కన. సాయంత్రం వచ్చేటప్పుడు బండి తిరిగింది, సూర్యుడూ పడమటికి తిరిగాడు, కాబట్టి ఎండ మళ్ళీ కుడి పక్కనే. రెండు పూటలా ఎడమే నీడ. మే నెలలో ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలు, సగం అలసట తగ్గుతుంది. నాకిది తెలియడానికి రెండు వేసవులు పట్టింది.

పాత రోజుల్లో ఇంజన్ లాగే ప్యాసింజర్ బండి ఆగి బయల్దేరడమంటే ఎద్దుల బండి వాలకమే. మెము (విడిగా ఇంజన్ లేని కరెంటు బండి) వచ్చాక ఆ బాధ తగ్గింది. చిలువూరు, పెదవడ్లపూడి, కొలనుకొండ, ఇలా ప్రతి చోటా ఆగినా చటుక్కున వేగం అందుకుంటుంది. తలుపుల దగ్గర జాగా ఎక్కువ, బుట్టలు పట్టేస్తాయి. కాకపోతే చిన్న స్టేషన్లలో కొన్ని చోట్ల ఫ్లాట్‌ఫారం కిందికుంటుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని కింద నుంచి ఒకరు తోయాలి, పైనుంచి ఒకరు లాగాలి. మా పెట్టెలో ఆ పని ఎవరిది అని ఎవరూ అడగరు, తలుపు దగ్గర ఎవరుంటే వాళ్ళదే.

కృష్ణా కెనాల్ దగ్గర గుంటూరు లైను వచ్చి మా లైనులో కలుస్తుంది. అక్కడి నుంచి నది దాటి బెజవాడ చేరడానికి ఉన్నది నాలుగడుగుల దూరం. కానీ టైంటేబుల్లో ఆ నాలుగడుగులకి ఇచ్చే సమయం చూస్తే నడిచి వెళ్ళమన్నారా అనిపిస్తుంది. ఎందుకో చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. బండి ఆఖరి స్టేషన్ ముందు కావాలనే అదనపు నిమిషాలు వేస్తారు, దారిలో జరిగిన ఆలస్యం అక్కడ సర్దుకోవడానికి. అందుకే పొద్దున మా బండి దారిలో పావుగంట ఆలస్యంగా నడిచినా, కృష్ణా కెనాల్లో కాస్త నిలబడినా, బెజవాడలో మాత్రం ఇంచుమించు వేళకే దిగుతాం. పదకొండేళ్ళలో షాపుకి ఆలస్యంగా వెళ్ళి మాటపడ్డ రోజులు నాకు గుర్తున్నంతలో పదికి మించవు.

సాయంత్రం కథ వేరు. సాయంత్రం బెజవాడలో బయల్దేరే బండికి ఆఖరి స్టేషన్ మాది కాదు. ఆ అదనపు నిమిషాలు ఇంకెక్కడో ముందు దాచి ఉంటాయి, మేం మధ్యలో దిగిపోయేవాళ్ళం. ఆలస్యమంతా మా నెత్తినే. చివరి స్టేషన్‌కి బండి వేళకి చేరిందని పుస్తకంలో రాసుకుంటారు, మేం మాత్రం ఇంటికి ముప్పావుగంట ఆలస్యంగా చేరి ఉంటాం. పొద్దుటి బండికి నాలుగు, సాయంత్రానికి రెండు అని ఊరికే అనలేదు. రెండూ ఒకే పాస్ మీద, ఒకే లైను మీద నడిచేవే.

సాయంత్రం ఏమవుతుందంటే, ఇది హౌరా – చెన్నై మెయిన్ లైను. వెనక నుంచి ఎక్స్‌ప్రెస్‌లు తరుముకొస్తుంటాయి. మా బండి పక్కకి తప్పుకుని దారి ఇవ్వాలి. తప్పుకోబోతోందని మాకు ఎవరూ చెప్పరు, ఒంటికే తెలుస్తుంది. స్టేషన్‌లోకి వస్తూ బండి నెమ్మదించి, కింద చక్రాలు కటకటమని, పెట్టె నడుము ఒక పక్కకి తిప్పినట్టు ఊగుతుంది. నిలబడ్డవాళ్ళంతా ఒకేసారి ఒరుగుతారు. ఆ ఊపు రాగానే మా పెట్టెలో ఆకుకూరల మామ్మ "తిప్పాడమ్మా!" అంటుంది. లూప్ లైన్లో, అంటే పక్క పట్టాల మీద పెట్టాడని. ఇక ఫోన్లు బయటికొస్తాయి.

"పొయ్యి మీద అన్నం పెట్టెయ్, నేనొచ్చేసరికి ఇంకో అరగంట."

"మావయ్యగారి మందు అల్మరాలో ఎడంపక్క ఉందే, వేసెయ్."

మామ్మకి ఫోను లేదు. ఆవిడ బుట్ట మీద గోనెపట్టా తీసి, అమ్ముడుపోని గోంగూర, తోటకూర కట్టలు లెక్కపెడుతుంది. "ఇంటికెళ్ళేసరికి వాడిపోద్ది. పదికి మూడు తీసుకోండే." బెజవాడలో పదికి రెండు. ఎక్స్‌ప్రెస్ పక్క లైన్లో దుమ్ము రేపుకుంటూ పోయేలోపు మామ్మ బుట్ట ఖాళీ. ఒకసారి రెండు బళ్ళకి దారిచ్చారు. రెండోది పోయేసరికి మా వరసలో నలుగురం తోటకూర కాడలు తుంచి పెట్టుకున్నాం. మరునాడు ఆడవాళ్ళ పెట్టె నిండా అవే కాడలున్నాయని ఊడ్చేవాడు తిట్టాడట. నిజమే, అది మా తప్పు. ఇప్పుడు పేపరు పరుస్తున్నాం.

విజయవాడ – గూడూరు మూడో లైను పని 2015–16లో మంజూరయ్యి జరుగుతోంది. అది అన్నిచోట్లా అందుబాటులోకొస్తే మామ్మ బేరం తగ్గుతుందని మేం ఆటపట్టిస్తుంటాం. ఆవిడ మాత్రం "మూడు లైన్లేస్తే మూడు రకాల బళ్ళొస్తయ్, మనల్ని తిప్పటం మానతారా" అంటుంది. చూద్దాం.

వంతెన గురించి రాయకపోతే మా పెట్టెవాళ్ళు ఒప్పుకోరు. పొద్దున నది మీదికి రాగానే ఎడమ పక్క ప్రకాశం బ్యారేజీ, దాని చివర ఇంద్రకీలాద్రి. కూర్చున్నవాళ్ళు కూర్చున్నచోటే చెంపలేసుకుంటారు, కొందరు రూపాయి విసురుతారు. చాలాసార్లు ఆ రూపాయి వంతెన ఇనుప దూలానికి తగిలి ఠంగుమంటుంది, నదిలో పడదు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు వచ్చినప్పుడు ఎన్నో బళ్ళు రద్దయ్యాయి, షాపూ తెరవలేదు. వారం తర్వాత మొదటిసారి వంతెన దాటిన రోజు పెట్టెలో ఒక్కరూ మాట్లాడలేదు. నీళ్ళు అప్పటికే తగ్గాయి. ఎర్రగా, బురదగా, చెట్ల కొమ్మలు మోసుకుంటూ పోతున్నాయి. మామ్మ ఆ రోజు రూపాయి కాదు, పది రూపాయల బిళ్ళ వేసింది.

కరోనా అప్పుడు ఇంకా కష్టం. 2020 మార్చి 22న బళ్ళు ఆగిపోయాయి. తర్వాత పెద్ద బళ్ళు మెల్లగా వచ్చాయి గానీ మాలాంటి స్టేషన్లకి దిక్కు ప్యాసింజర్లే కదా, అవి రావడానికి చాలా కాలం పట్టింది. పాసులు మళ్ళీ చేతికొచ్చింది 2021లో. ప్యాసింజర్ బండికి కనీసం టికెట్టు 10 నుంచి 30 రూపాయలకి ఎక్కి, 2024 ఫిబ్రవరి చివర్లో గానీ మళ్ళీ 10కి దిగలేదు. అప్పుడప్పుడూ వెళ్ళేవాళ్ళు చాలామంది షేర్ ఆటోలకి అలవాటుపడి, అక్కడే ఉండిపోయారు.

నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. ఒక సాయంత్రం మా బండి ఆలస్యమని, తెనాలిలో ఆగే సూపర్‌ఫాస్ట్ ఒకటి ఎదురుగా కనపడగానే ఎక్కేశాను. తెనాలి దిగి ఆటోలో వెనక్కి రావచ్చని లెక్క. టీసీ గారు వచ్చి "సీజనా అమ్మా?" అన్నారు. దర్జాగా చూపించా. ఆయన కళ్ళజోడు సర్దుకుని మూడు తప్పులు చెప్పారు: పాస్ దుగ్గిరాల దాకానే, సూపర్‌ఫాస్ట్‌కి విడిగా సర్‌ఛార్జీ కట్టలేదు, పైగా ఎక్కింది రిజర్వేషన్ పెట్టె. కనీస జరిమానా 250 రూపాయలు, దాని మీద ఛార్జీ. ఆయన తప్పేం లేదు, మర్యాదగానే రాశారు. నెల పాస్ ఖర్చుకి మించి ఒక్క సాయంత్రంలో పోయింది.

ఆ దెబ్బతో నేర్చుకున్నదేమిటంటే: మీది చిన్న స్టేషనైతే పాస్ మీ ఊరి దాకా కాదు, దాటి ఉన్న పెద్ద స్టేషన్ దాకా తీసుకోండి. నేనిప్పుడు తెనాలి దాకా తీసుకుంటున్నా. ధరలో తేడా పెద్దగా ఉండదు. మన బండి ఎగ్గొట్టిన రోజు, పాస్ చెల్లే ఇంకో ఎక్స్‌ప్రెస్‌లో జనరల్ పెట్టె ఎక్కి ముందుకెళ్ళి వెనక్కి రావచ్చు. ఏ బండిలో చెల్లుతుందో, దేనికి సర్‌ఛార్జీ కట్టాలో కౌంటర్లో అడిగి రాసుకోండి, పెట్టెలోవాళ్ళు చెప్పింది నమ్మొద్దు. నేను నమ్మింది వాళ్ళ మాటే.

ఫోన్లో పాస్ కూడా ఆర్నెల్లు వాడి చూశా. క్యూ తప్పుతుంది, అది నిజం. కానీ సాయంత్రం లూప్‌లో అరగంట నిలబడి పాటలు విని, ఇంటికి నాలుగుసార్లు ఫోన్ చేసి, దిగేముందు తనిఖీ వస్తే తెర నల్లగా ఉంది. స్క్రీన్‌షాట్ చెల్లదు, చార్జింగ్ అయిపోయిన ఫోను అసలే చెల్లదు. మళ్ళీ కాగితానికి వచ్చేశా. కాగితానికి శత్రువు చెమట. జిప్ ఉన్న చిన్న ప్లాస్టిక్ కవర్లో, ఆధార్ కాపీతో కలిపి పెట్టుకుంటే మూడు నెలలూ అక్షరాలు చెరగవు.

ఇక ఆ అమ్మాయి అడిగిన ఫ్రీ బస్సు. 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకి ఉచిత బస్సు పథకం స్త్రీ శక్తి మొదలైన వారం నుంచే ప్రయత్నించా, ఉచితంగా వస్తే ఎవరు కాదంటారు? పొద్దున బస్సు నాకు కుదర్లేదు. మా ఊరి దగ్గరికి వచ్చేసరికి నిలబడే చోటే దొరుకుతుంది, వారధి దగ్గర ట్రాఫిక్ ఏ రోజు ఎలా ఉంటుందో దుర్గమ్మకే తెలియాలి, బస్టాండ్లో దిగి మళ్ళీ గవర్నర్‌పేటకి ఇంకో బండి. షాపు తెరిచే వేళ చెప్పి బతికేవాళ్ళకి ఆ లాటరీ పనికిరాదు. సాయంత్రం మాత్రం బస్సు బాగుంది. సాయంత్రం ఆలస్యమైనా మాట అనేవాళ్ళు లేరు, పైగా పది నిమిషాలకో పావుగంటకో ఇంకోటి వస్తుంది. రైలు తప్పితే తర్వాతి బండి దాకా ఫ్లాట్‌ఫారం మీద బల్లల్ని లెక్కపెట్టుకోవాలి.

కాబట్టి ఉద్యోగం చూసుకునేవాళ్ళెవరైనా నన్నడిగితే నేను అడిగేది ఒక్కటే: మీ షాపు ఎన్నింటికి మూస్తారు? పొద్దుటి బండి చూసి అందరూ పాస్ కొంటారు. సాయంత్రం వదిలే వేళకీ బండి వేళకీ మధ్య ఇరవై నిమిషాల కంటే తక్కువ తేడా ఉంటే రోజూ పరుగే, గంట కంటే ఎక్కువుంటే రోజూ ఎదురుచూపే. నాకు పదేళ్ళు ముప్పావుగంట తేడా ఉండేది, ఇన్నాళ్ళు నెట్టుకొచ్చానంటే అందుకే. గడిచిన దసరా నుంచి మా షాపు అరగంట ఆలస్యంగా మూస్తున్నారు. మిగిలింది పావుగంట. గవర్నర్‌పేట నుంచి స్టేషన్‌కి నడక పద్దెనిమిది నిమిషాలు, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి పదిహేను.

పాస్ వచ్చే వారం అయిపోతుంది. ఎప్పుడూ మూడు నెలలకి తీసుకునేదాన్ని, ఈసారి నెలకే తీసుకుంటున్నా, పొద్దుటి బండి కోసం. సాయంత్రం బస్సెక్కిన రోజుల్లో మామ్మ గోంగూర పక్కింటి పద్మక్క చేత తెప్పించుకుంటున్నా, పదికి మూడు కట్టలే.