మోకాలి ఆపరేషన్ తర్వాత ఫిజియోథెరపీ: వీడియోలోనా, హైబ్రిడ్‌గానా?

ఖర్చు: వీడియోకి ఫీజు ఒక్కటే. హైబ్రిడ్ (కొన్నిసార్లు క్లినిక్‌లో, మిగతావి వీడియోలో) అయితే క్లినిక్ రోజుల్లో కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేటకు రానూపోనూ ఆటో, తోడు వచ్చేవాళ్ల సెలవు కూడా.

శ్రమ: వీడియోదే పైచేయి. ట్రాఫిక్‌లో కాలు ముడుచుకుని కూర్చోవడం నరకం.

రిస్కు: ఇక్కడే ఆగి ఆలోచించాలి. అమ్మ మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని మోకాలు కిందికి నొక్కుతుంటే ఫోన్‌లో అంతా బాగానే కనిపించింది. క్లినిక్‌లో థెరపిస్టు చెయ్యి వేసి చూశాకే తెలిసింది, తొడ కండరం బిగుసుకోవడమే లేదని. పిక్క వాచి నొప్పి పుడితే మాత్రం రెండూ కాదు, వెంటనే ఆసుపత్రికే.

ఎవరికేది: ఆపరేషన్ కొత్తలో, తూలిపడే భయమున్నవాళ్లకు హైబ్రిడ్. అదే ఆపరేషన్ ఏమీ లేకుండా మెడ పట్టేసిన మాదాపూర్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి, ఒకసారి నేరుగా చూపించుకున్నాక, చాలావరకు వీడియో సరిపోతుంది.