సెలవుల దాకా ఆపాలా, రోజూ కొంచెం చదవాలా?

పుస్తకాల పిచ్చి ఉన్న పిల్లలకి పీజీ మొదటి సెమిస్టరులోనే ఒక దిగులు పట్టుకుంటుంది. డిగ్రీ దాకా ఇష్టమొచ్చిన కథలూ నవలలూ చదివినవాళ్ళే. ఇక్కడికి వచ్చాక ఏ నవల చేతిలోకి తీసుకున్నా, ఇది సిలబస్‌లో లేదుగా అని లోపల ఒకటే పీకులాట. పోనీ సిలబస్ పుస్తకం తెరిస్తే మనసు ఆ నవల మీదికి పోతుంది. ఏదీ సరిగ్గా సాగక, చివరికి రాత్రి పన్నెండింటి దాకా ఫోన్ చూసి పడుకుంటారు. గుంటూరులో పీజీ క్లాసులకి పాఠం చెబుతాను కాబట్టి ఈ దిగులు నాకు ఏటా కనబడుతుంది. నాగార్జున యూనివర్సిటీలో చేరిన మా పాత విద్యార్థులు కలిసినా మాట తిరిగి తిరిగి ఇక్కడికే వస్తుంది. "మేడమ్, కోర్సు అయ్యేదాకా మిగతా పుస్తకాలు పక్కన పెట్టేయనా?"

వద్దు అనే చెబుతాను. ఆ రెండేళ్ళలో చదివే అలవాటు పోగొట్టుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. ఉద్యోగం వచ్చాక మళ్ళీ మొదలుపెడదామనుకుంటారు, మొదలుపెట్టలేరు. అందుకే ఎలా వీలు చేసుకోవాలన్న దగ్గర గట్టిగా ఆలోచించాలి. పిల్లలు పాటించే పద్ధతులు ముఖ్యంగా నాలుగు.

మొదటిది, అన్నీ సెలవులకి వాయిదా వేయడం. ఎక్కువమంది చేసేది ఇదే, పైకి చాలా క్రమశిక్షణగా కూడా కనిపిస్తుంది. సెమిస్టరు నడిచినన్నాళ్ళూ పాఠ్యపుస్తకాలు, పరీక్షలయ్యాక మన ఇష్టం. దీంట్లో నిజమైన లాభం ఒకటుంది. ఆరేడు వందల పేజీల పెద్ద నవలని ముక్కలు ముక్కలుగా చదివితే పాత్రల పేర్లే మర్చిపోతాం. అలాంటివాటికి వరసగా నాలుగైదు ఖాళీ రోజులు కావాలి, అవి సెలవుల్లోనే దొరుకుతాయి.

కానీ ఆ సెలవులు ఎవరివి? లెక్చరర్ ఉద్యోగానికి అర్హత పరీక్ష అయిన నెట్‌కి కట్టినవాళ్ళకి ప్రిపరేషన్‌తోనే సరిపోతుంది. ఆడపిల్లలకైతే ఇంటికి వెళ్ళగానే వంటింటి పని, చుట్టాలు, పెళ్ళిళ్ళు. "అన్ని రోజులు హాస్టల్లో ఉండొచ్చావు, ఇప్పుడు కూడా పుస్తకమేనా" అని అమ్మ అనే మాట వినని అమ్మాయి లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. విజయవాడలో 1989 నుంచి జరుగుతున్న పుస్తక మహోత్సవం జనవరి మొదట్లో వస్తుంది. దాచుకున్న డబ్బులతో సంచీ నిండా కొనుక్కొస్తారు. అప్పుడే పరీక్షలో, కొత్త సెమిస్టరో మీదపడుతుంది. ఆ పుస్తకాలు ట్రంకుపెట్టెలోకి వెళ్ళిపోతాయి. వేసవి వచ్చేసరికి వాటి మీద ఆ మోజు ఉండదు. చదవాలన్న కోరికని నెలల తరబడి ఆపి ఉంచితే అది అంతే బలంగా నిలబడి ఉండదు.

రెండోది ఆదివారం పద్ధతి. వారంలో ఒక రోజు పూర్తిగా మనది. వినడానికి బాగుంది, హాస్టల్లో ఉండేవాళ్ళకి కుదరదు. బట్టలుతుక్కోవాలి, అసైన్‌మెంట్లు సోమవారమే ఇవ్వాలి, ఇంటినుంచి ఎవరో ఒకరు వస్తారు. ఒక ఆదివారం తప్పితే మళ్ళీ ఏడు రోజులు. దీన్ని నేను ఎవరికీ చెప్పను.

మూడోది కాస్త లోతైన వ్యవహారం. సిలబస్‌కి దగ్గరగా ఉన్నవే ఇష్టంగా చదువుకుంటే రెండు పనులూ ఒకేసారి అవుతాయన్న ఆలోచన. చరిత్ర చదివే కుర్రాడు స్వాతంత్ర్యోద్యమ కాలపు ఆత్మకథలు తీసుకుంటాడు, తెలుగు ఎమ్మే అమ్మాయి కథాసంపుటాలు తీసుకుంటుంది. తెలివైన పనే. అయితే నాలుగు వారాలకి ఏమవుతుందో దగ్గరగా చూశాను. తెలుగు ఎమ్మే చేస్తున్న ఒక అమ్మాయి తను సరదాకి చదువుతున్న కథల పుస్తకం నా చేతికిచ్చింది. మార్జిన్ నిండా పెన్సిల్ రాతలు. ఒక పేరా పక్కన "వస్తువు", ఇంకోచోట "దృక్కోణం మారింది", ముగింపు దగ్గర "కొసమెరుపు, 5 మార్కులకి రావచ్చు". ఆ కథలో తల్లి చనిపోతుంది. నీకేమనిపించింది అని అడిగితే కాసేపు ఏమీ చెప్పలేకపోయింది. మంచి విద్యార్థి, సున్నితమైన పిల్ల. ఆమె తప్పేమీ లేదు. చేతిలో పెన్సిల్ ఉన్నంతసేపూ మనం పరీక్ష రాస్తున్నట్టే చదువుతాం.

అప్పటినుంచి పిల్లలకి చెబుతున్నది ఇదే. పాఠానికి చదివేటప్పుడు పెన్సిల్ తప్పనిసరిగా ఉండాలి. ఇష్టానికి చదివేటప్పుడు పెన్సిల్ దగ్గర్లో ఉండకూడదు. సాహిత్యం చదువుకునేవాళ్ళు ఇష్టానికి తమ సబ్జెక్టుకి దూరంగా ఉన్నవి పట్టుకోవడం మేలు. అడవుల గురించో, వైద్యుల అనుభవాలో, డిటెక్టివ్ నవలో, ఏదైనా సరే. కామర్సు, సైన్సు వాళ్ళకి ఈ బాధ లేదు, వాళ్ళు కథలు హాయిగా చదువుకోవచ్చు.

ఈ మూడో పద్ధతిలో ఉంచుకోవలసిన మంచి ఒకటుంది. సిలబస్‌లో నవలో కావ్యమో ఉంటే, గైడు ముట్టుకోకముందే, జిరాక్స్ సెంటర్లో బైండింగ్ చేయించిన నోట్సు తెరవకముందే, పుస్తకాన్ని ఒకసారి ఊరికే చదవండి. నోట్సు రాసుకోవద్దు. అర్థం కాని పద్యాలు వదిలేసి ముందుకు పొండి. రెండోసారికి పెన్సిల్ తీయండి. ఇలా చదివిన పిల్లల జవాబు పత్రం దిద్దేటప్పుడే తెలిసిపోతుంది, గైడులో లేని మాటలు ఉంటాయి.

ఇక నాలుగోది, రోజూ కొంచెం. నా ఓటు దీనికే.

లెక్క చూడండి. యూనివర్సిటీలకి నియమాలు పెట్టే యూజీసీ ప్రకారం సెమిస్టరుకి కనీసం 90 పనిదినాలు ఉండాలి. రోజుకి 20 పేజీలు, అంటే సుమారు అరగంట చదివితే ఆ 90 రోజుల్లో 1,800 పేజీలు. మూడేసి వందల పేజీల నవలలు ఆరు. నాలుగు సెమిస్టర్లకి ఇరవై నాలుగు. సెలవుల కోసం ఎదురుచూసేవాళ్ళు ఇందులో మూడో వంతు చదివినా గొప్పే.

మరి ఆ అరగంట ఎక్కడిది? పాఠ్యపుస్తకం నుంచి కోసి తేవాలనుకుంటేనే టెన్షన్. కోయక్కర్లేదు. పాఠ్యపుస్తకానికి బల్ల కావాలి, నోట్సు కావాలి, అలసట లేని బుర్ర కావాలి. ఆ మూడూ లేని సమయం రోజులో చాలా ఉంటుంది. బెజవాడ నుంచి యూనివర్సిటీకి రోజూ ఆర్టీసీ బస్సులో వచ్చేవాళ్ళనే తీసుకోండి. ఆ కుదుపుల్లో సిద్ధాంత గ్రంథం తెరిస్తే ఒక్క పేరా ఎక్కదు. అదే కథల పుస్తకమైతే, కృష్ణ మీది వారధి దగ్గర మొదలుపెట్టిన పది పేజీల కథ కాజ టోల్‌గేట్ వచ్చేసరికి అయిపోతుంది. సీటు దొరికితే అనుకోండి. దొరకని రోజు ఫోన్లో ఆడియో పెట్టుకున్నా తప్పులేదు.

పుస్తకాలు చదవడం, అందులోనూ ప్రయాణంలో చదవడం, ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ తొలిసారి జరిగింది బెజవాడలోనే. 1935 ప్రాంతంలో గుంటూరు జిల్లా పెదపాలెంలో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారి పూనికతో కాలవ మీద నడిచే పడవల్లో ప్రయాణికులకి పుస్తకాలు అందించారు. కృష్ణా కాలవ మీద వెళ్తూ మన ముత్తాతలు చదువుకున్నారు. బస్సులో మనం ఎందుకు చదువుకోలేం?

హాస్టల్లో ఉండేవాళ్ళకి బస్సు ఉండదు, రాత్రి ఉంటుంది. ఇక్కడ జాగ్రత్త. పది దాటాక ఉత్కంఠ ఉన్న నవల పట్టుకుంటే రెండింటి దాకా వదలదు, మర్నాడు మొదటి పీరియడ్ పోతుంది. తప్పు పుస్తకానిది కాదు, వేళది. రాత్రికి వ్యాసాలు, యాత్రా విశేషాలు, ఉత్తరాలు, కవిత్వం పెట్టుకోండి. అన్నిటికంటే మంచిది ఇదివరకు చదివి ఇష్టపడ్డ పుస్తకాన్నే మళ్ళీ చదవడం. ఏం జరుగుతుందో తెలుసు కాబట్టి ఎక్కడైనా ఆపగలుగుతాం, ఇష్టమైన వాక్యం దగ్గర నిద్రపోగలుగుతాం.

ఈ పద్ధతిలో లోటు లేదనను. పెద్ద నవలలకి ఇది పనికిరాదు, అవి సెలవులకే ఉంచండి. కొందరికి రోజూ ఇరవై పేజీలన్నది ఇంకో హోంవర్కులా తయారవుతుంది. అలా అనిపించిన రోజు పేజీలు లెక్కపెట్టడం మానేయండి. నచ్చని పుస్తకాన్ని యాభై పేజీల దగ్గర వదిలేసే హక్కు కూడా మీకుంది. సిలబస్ పుస్తకం దగ్గర ఆ హక్కు లేదు గనకే ఇక్కడ దాన్ని వాడుకోవాలి.

ఇలా చదివితే నెట్ పేపర్ 1లో వచ్చే పాసేజీకి పనికొస్తుందా అని అడుగుతారు. వస్తుంది. వేగంగా చదివి అర్థం చేసుకునే అలవాటు అక్కడ ఆదుకుంటుంది. కానీ దాని కోసం చదవమని మాత్రం చెప్పను. ఆ పేరు పెట్టగానే మళ్ళీ పెన్సిల్ చేతికొస్తుంది.

పీహెచ్‌డీ స్కాలర్ల సంగతి వేరు. వాళ్ళకి రోజూ క్లాసు లేదు, పరిశోధన ప్రణాళిక చెప్పే సినాప్సిస్ దాటాక అడిగేవాళ్ళు కూడా తక్కువ. చాప్టరు రాయబుద్ధి కాని రోజున నవల దాక్కోవడానికి మంచి చోటు అవుతుంది, ఒక్కరోజు కాస్తా వారమవుతుంది. వాళ్ళు మాత్రం వేళ గట్టిగా పెట్టుకోవాలి. పొద్దున థీసిస్, చీకటి పడ్డాకే నవల.

పుస్తకాలకి డబ్బులెక్కడివన్న ప్రశ్నకి నా సలహా, ముందు లైబ్రరీ. గుంటూరు జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉంది, బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయం ఉంది, బెజవాడ బందరు రోడ్డులో ఠాగూర్ గ్రంథాలయం ఉంది. ఇంటికి తెచ్చుకున్న పుస్తకాన్ని ఫలానా తేదీకి తిరిగివ్వాలి కాబట్టి ట్రంకుపెట్టెలోకి వెళ్ళదు. కొనుక్కున్నవాటికి ఆ గడువు ఉండదు. ఫోన్లో పీడీఎఫ్ చౌకే కానీ, నాలుగో పేజీలో వాట్సాప్ మెసేజ్ వస్తుంది.

సెమిస్టరు మధ్యలో వచ్చే ఇంటర్నల్స్ పరీక్షల వారంలో ఇరవై పేజీలని ఐదు చేయండి, సున్నా మాత్రం చేయొద్దు. సెమిస్టరు పరీక్షలకి ముందు నవల సగంలో ఉంటే, ఆపిన చోట కాగితం పెట్టి రూమ్మేట్ చేతికిచ్చేయండి. చివరి పేపరు రాసిన సాయంత్రం అడిగి తీసుకోండి.