15 కిలోల బార్, లాసన్స్ బే ఉప్పు గాలి: రెండేళ్లు వాడాక

బరువులెత్తడానికి రెండు చివర్లా ప్లేట్లు తగిలించుకునే ఈ బార్ కొని రెండేళ్లు దాటింది, కాబట్టి ఇప్పుడు రాస్తే ఎవరికైనా పనికొస్తుందనిపించింది. మాది విశాఖలో లాసన్స్ బే కాలనీ, సముద్రానికి బాగా దగ్గర. కింద పోర్టికోలో రబ్బరు మ్యాట్లు పరుచుకుని, ఫోన్ పైనే వదిలేసి, పాటల్లేకుండా, వారానికి మూడు రోజులు తెల్లవారుజామున ఐదున్నరకి మొదలుపెడతాను.

నేను తీసుకున్నది ఆడవాళ్ల పోటీల కొలతలతో వచ్చే 15 కిలోల బార్. పట్టుకునే చోట 25 మిల్లీమీటర్ల మందం. మగవాళ్లది 20 కిలోలు, 28 మిల్లీమీటర్లు. మూడు మిల్లీమీటర్లే కదా అనుకోకండి, చిన్న చేతులకి అది చాలా తేడా. వేళ్లు పూర్తిగా చుట్టుకుంటేనే ధ్యాస పట్టు మీంచి ఊపిరి మీదికి వస్తుంది. ప్లేట్లు 450 మిల్లీమీటర్ల వ్యాసమున్న రబ్బరువే తీసుకోండి, పది కిలోలవైనా సరే. చిన్న ఇనప ప్లేట్లు వేస్తే బార్ నేలకి మరీ దగ్గరైపోతుంది, దాన్ని అందుకోవడానికి వంగడంలోనే వీపు గుండ్రమైపోతుంది.

ఇంతకుముందు కళ్లు మూసుకుని ధ్యానం చేసేదాన్ని. ఇరవై నిమిషాలూ ఆఫీసు లెక్కలే, మనసు ఎప్పుడు జారిపోయిందో కూడా తెలిసేది కాదు. డెడ్‌లిఫ్ట్‌లో, అంటే నేల మీదున్న బార్‌ని పట్టుకుని నిటారుగా లేచి నిలబడటంలో, అక్కడికక్కడే తెలిసిపోతుంది. బార్ కాలిని రాసుకుంటూ పైకి రావాలి. ఆలోచన పక్కకి పోయిందంటే అది రెండంగుళాలు ముందుకి జరుగుతుంది, నడుం వెంటనే చెప్తుంది. అందుకే నేను ఒక్కో రెప్ (ఒకసారి ఎత్తి దించడం) విడిగా చేస్తాను. పాదాలు నేల మీద ఎక్కడ ఆనుతున్నాయో చూసుకుని, పొట్ట నిండా గాలి తీసుకుని, బిగబట్టి లేచి, నిలబడ్డాక వదిలి, బార్ దించి చేతులు తీసేస్తాను. మళ్లీ మొదటి నుంచి. అలా ఐదు చేసేసరికి బయట పాలబండి వచ్చి వెళ్లింది కూడా తెలియని రోజులున్నాయి. (బీపీ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగాకే చేయండి, ఊపిరి బిగబట్టి బరువెత్తినప్పుడు బీపీ ఒక్కసారిగా బాగా పెరుగుతుంది.)

మా అత్తయ్యది ఆమదాలవలస వైపు. పొద్దున్నే ఈ చప్పుడుకి ఏమంటారోనని మొదట్లో టెన్షన్ పడ్డాను. ఆవిడ కుర్చీ వేసుకుని కూర్చుని, "మన మల్లీశ్వరి ఎత్తిందిలాంటిదే కదమ్మా" అన్నారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి 110, 130 కలిపి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన సంగతి ఆవిడకి అంకెలతో సహా గుర్తుంది. నా బార్ మీద ఇప్పుడు 55 కిలోలున్నాయి, నాకు తొందర లేదు.

ఇక లోపాలు. నాది క్రోమ్ పూత బార్. మొదటి వానాకాలంలోనే పట్టు కోసం చెక్కిన గరుకు గీతల్లో ఎర్రగా తుప్పు కనిపించింది. చేతి చెమటలో ఉప్పు, గాలిలో ఉప్పు, పైన తేమ, ఇక ఇనుముకి ఏం మిగులుతుంది! నైలాన్ బ్రష్‌తో తోమి, కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసి, పొడి గుడ్డతో గట్టిగా తుడిచేస్తే ఆగింది. నూనె మిగిలితే చేయి జారుతుంది, జాగ్రత్త. ఇప్పుడు ఎత్తిన ప్రతిసారీ చివర్లో ఐదు నిమిషాలు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా మెల్లగా తుడవడం నాకు ఎత్తడమంత ఇష్టమైంది, గుండె దడ తగ్గేది ఆ ఐదు నిమిషాల్లోనే. ప్లేట్లు కదలకుండా పెట్టడానికి బార్‌తో పాటు వచ్చిన క్లిప్పులు మాత్రం వదులు. ప్లేటు జరిగిపోయేది, అమ్మినవాళ్లు నెలైనా పలకలేదు, వేరేవి కొనుక్కున్నాను.

బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఉండేవాళ్లు డబ్బు కొంచెం ఎక్కువైనా స్టెయిన్‌లెస్ స్టీల్ బార్ చూడండి. లోపలి కాలనీల్లో, గాలి పొడిగా తగిలే గదిలో పెట్టుకునేవాళ్లకి క్రోమ్‌దే చాలు.