కర్నూలా, కడపా, అనంతపురమా: జనవరిలో ఒకసారి, మే నెలలో ఒకసారి ఉండి చూశాం

ఢిల్లీలో ఇరవై తొమ్మిదేళ్లు ఉన్నాం. మా ఆయన రిటైరయ్యాక ఇక్కణ్ణుంచి వెళ్లిపోదాం అనే మాట ప్రతి నవంబర్లో మొదలై మార్చి వచ్చేసరికి చల్లబడిపోయేది. పోయిన చలికాలం మాత్రం చల్లబడలేదు. అత్తయ్యకు ఎనభై దాటాయి, సీఓపీడీ, అంటే ఊపిరాడనివ్వని పాత ఊపిరితిత్తుల జబ్బు ఉంది. గాలి సూచీ నాలుగొందలు దాటిన రోజుల్లో ఆమె గదిలో ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టి, తలుపు సందుల్లో పాత తువ్వాళ్లు కుక్కి, రోజుకు నాలుగుసార్లు నెబ్యులైజర్ పెడుతుంటే ఒకరోజు ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఈ పొగలో ఎన్నాళ్లుంటాం మా, మనూరి ఎండ తగిలి ఎన్నేళ్లాయె" అన్నారు. ఆ రాత్రే మా ఆయన రైలు టికెట్లు చూశారు.

రాయలసీమకు మారదామనుకుంటున్నాం అని చెబితే తెలిసినవాళ్లందరిదీ ఒకటే మాట, మాడిపోతారు అని. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఢిల్లీ మే నెల మాత్రం ఏం తక్కువ? 44, 45 డిగ్రీలు ఇక్కడా చూస్తున్నాం. ఎండ మాకు కొత్త కాదు. మారితే పోయేది జనవరిలో ఐదు డిగ్రీల చలీ, పొగమంచూ, ఆ పొగా. అదే మాకు కావాల్సింది. కాకపోతే ఒక్క విషయంలో గట్టిగా ఉండాలనుకున్నాం. చలికాలంలో చూసి మురిసిపోయి అడ్వాన్స్ ఇచ్చేయకూడదు. జనవరిలో రాయలసీమలో ఏ ఊరైనా బాగుంటుంది. అందుకే జనవరిలో పద్దెనిమిది రోజులు, మళ్లీ మే నెలలో పన్నెండు రోజులు, రెండుసార్లూ అత్తయ్యను వెంటబెట్టుకునే వెళ్లాం.

మొదట సంపర్క్ క్రాంతిలో కర్నూలు సిటీ స్టేషన్లో దిగాం. లాడ్జికి ముందే ఫోన్ చేసి, పెద్దావిడ మెట్లెక్కలేరు, కింది గది కావాలి అని రెండుసార్లు చెప్పాను, సరే అన్నారు. తీరా వెళ్తే రెండో అంతస్తు, లిఫ్టు పని చెయ్యట్లేదు. కౌంటర్లో కుర్రాడు "ఈ ఒక్క రాత్రికి సర్దుకోండి మేడం" అన్నాడు. చివరికి ఇద్దరు పనివాళ్లు ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుపోయారు, ఆమె కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నారు. నాకు ఇప్పటికీ ఆ దృశ్యం గుర్తొస్తే కోపం ఆగదు. వృద్ధులతో వెళ్లేవాళ్లు దయచేసి ఫోన్ మాటను నమ్మకండి, గది ఫోటో వాట్సాప్లో తెప్పించుకోండి, గుమ్మం దగ్గర ఎన్ని మెట్లో కూడా అడగండి.

ఊరి సంగతికొస్తే కర్నూలు మాకు నచ్చింది. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి, దాని పక్కనే మెడికల్ కాలేజీ, హైవే మీద హైదరాబాదు నాలుగు గంటల దారి. పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తింటే మధ్యాహ్నం దాకా ఆకలి లేదు. ఓర్వకల్లులో ఎయిర్‌పోర్టు వచ్చింది గానీ విమానాలు తక్కువ, దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోలేం.

అయితే మాకు కావాల్సింది కింది అంతస్తు ఇల్లు. పాతబస్తీ దగ్గర అద్దె తక్కువలో ఒక మంచి ఇల్లు చూశాం, గాలీ వెలుతురూ బాగా వస్తున్నాయి. ఇంటాయన మంచివాడు, ఏమీ దాచకుండా హాల్లో గోడ దగ్గరికి తీసుకెళ్లి తలుపు పైపట్టీకి జానెడు పైన చెయ్యి పెట్టి, "2009 అక్టోబర్లో నీళ్లు ఇంతదాకా వచ్చినాయ్ సార్" అన్నాడు. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసేది అక్కడే కదా. రంగు వేసినా గోడ మీద ఆ గీత సన్నగా కనిపిస్తూనే ఉంది. మా ఆయన ఇలాంటి వరద మళ్లీ వందేళ్లకు గానీ రాదన్నారు. నాకు మాత్రం ఆ గీత కింద అత్తయ్య మంచం కనిపించింది. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్నప్పటి సి క్యాంపు కాలనీ వైపు కూడా వెతికాం, కింది అంతస్తు ఖాళీ ఒక్కటీ దొరకలేదు. కర్నూలు అక్కడితో ఆగిపోయింది.

కడప గురించి రాయడం నాకు కష్టంగా ఉంది, ఎందుకంటే అది మా ఆయన ఊరు. సొంతూరు కమలాపురం దగ్గర, మా బావ కుటుంబం కడప టౌన్లోనే ఉంటుంది. జనవరిలో వాళ్లింట్లో ఆరు రోజులున్నాం. పొద్దున ఎనిమిదింటికి ఎండలో కుర్చీ వేసుకుని కూర్చుంటే ఒంటికి హాయిగా ఉంటుంది, స్వెట్టర్ సంచిలోంచి తియ్యలేదు. ఎర్రకారం పూసిన దోసె, రాగి సంగటి, అక్క (బావ భార్య) చేసిన నాటుకోడి పులుసు. ఒంటిమిట్ట కోదండరాముణ్ణి చూశాం, దేవుని కడపకు రెండుసార్లు వెళ్లాం. అత్తయ్య ముప్పై ఏళ్ల కింద వదిలేసిన చుట్టాలందరూ ఒక్కొక్కరే వచ్చి మంచం పక్కన కూర్చుని కబుర్లు చెప్పి పోయారు. ఢిల్లీలో వారానికి ఒకరు కూడా పలకరించని మనిషికి ఆ ఆరు రోజుల్లో గొంతు మారిపోయింది. బావ అప్పటికే రెండు వీధుల అవతల ఒక ఇల్లు చూసి పెట్టారు, కింది అంతస్తు, రెండు పడగ్గదులు, అద్దె పదకొండు వేలు. "ఇంగ ఆలోచించేదేముంది మా, వచ్చేయండి" అన్నారు. అప్పుడే మే నెల మాట లేకపోతే ఖాయంగా సంతకం పెట్టేవాళ్లం.

మేలో అదే ఊరు, అదే ఇల్లు. మూడు వైపులా కొండలు, పగలంతా ఆ రాయి కాగుతుంది. పగటి ఎండకు మేము సిద్ధపడే వెళ్లాం, పది నుంచి ఆరు దాకా బయటికి రాకూడదని తెలుసు. మేము లెక్కలోకి తీసుకోనిది రాత్రి. రాత్రి పదకొండింటికి పడమటి గోడకు అరచెయ్యి ఆనిస్తే అప్పుడే దించిన పెనం పక్కన పెట్టినట్టు వేడి కొట్టింది. మేడ మీద ట్యాంకు నీళ్లు ఎంత కాగాయంటే పొద్దున ఐదింటికి పట్టి పెట్టుకున్న బకెట్‌తోనే సాయంత్రం స్నానం చెయ్యాలి. కింద పరిచిన కడప బండ మీద జనవరిలో చల్లగా ఉందని నేను చాపేసుకుని పడుకునేదాన్ని, ఇప్పుడు అదే బండ మీద అక్క సాయంత్రం రెండు బిందెలు నీళ్లు చల్లితే పది నిమిషాల్లో ఆరిపోయింది. ఒక పాత సంగతి చెప్పాలి. మా ఆయన పుట్టింది చౌడు మిద్దెలో, బండల మీద మందంగా చౌడు మట్టి వేసిన కప్పు, మట్టిగోడలు మూరెడు మందం. ఆ ఇంట్లో మధ్యాహ్నం కూడా పడుకోగలిగేవాళ్లట. ఇప్పుడందరం నాలుగంగుళాల స్లాబు కింద ఉండి ఏసీ కరెంటు బిల్లు చూసి భయపడుతున్నాం.

మూడో రాత్రి కరెంటు పోయింది. గంటన్నర. ఇన్వర్టర్ మీద ఫ్యాను తిరుగుతోంది గానీ అది కాగిన గాలినే తిప్పుతోంది. అత్తయ్యకు ఆయాసం మొదలైంది, నెబ్యులైజర్ పెట్టినా తగ్గలేదు, వేలికి పెట్టే ఆక్సీమీటర్లో ఆక్సిజన్ 86 శాతం చూపించింది. దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్లాం. డ్యూటీ డాక్టర్ లేరు, నర్సమ్మ పాపం ఒక్కతే, సిలిండర్ ఉంది గానీ దాన్ని తిప్పే స్పానర్ ఎక్కడుందో ఆమెకు తెలియదు. పదిహేను నిమిషాలు. బావ ఇంక ఆగకుండా ఆమెను మళ్లీ ఎక్కించుకుని రిమ్స్‌కి, అంటే పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి పోనిచ్చారు. అది ఊరికి కాస్త బయట ఉంది, ఆ రాత్రివేళ కాబట్టి రోడ్డు ఖాళీ. అక్కడ క్యాజువాలిటీలో జనం కిక్కిరిసి ఉన్నా లోపలికి తీసుకెళ్లగానే ఆక్సిజన్ పెట్టారు, తెల్లారేసరికి 94కి వచ్చింది. హౌస్ సర్జన్ పిల్లాడు రెండుసార్లు వచ్చి చూసి పోయాడు. వాళ్ల పేర్లు అడగలేదు, అడగాల్సింది.

అందుకే ఇల్లు చూడ్డానికి వెళ్లేవాళ్లకు నా సలహా, ఇంటి ముందు రోడ్డు ఎంత వెడల్పో చూడ్డం కన్నా ముందు, అర్ధరాత్రి ఒంటిగంటకు ఆక్సిజన్ ఎక్కడ దొరుకుతుందో వెళ్లి కళ్లారా చూడండి.

అనంతపురం మా లిస్టులో చివరిది. ఎవరికీ ఆశ లేదు. దేశంలోనే వాన తక్కువ పడే జిల్లాల్లో ఒకటి, ఏడాదికి ఐదొందల యాభై మిల్లీమీటర్ల చుట్టూ. చిన్నప్పట్నుంచీ కరువు జిల్లా అనే విన్నాం. తెలిసినవాళ్ల ద్వారా సాయినగర్ దగ్గర ఒక ఇంటి కింది వాటా రోజు అద్దెకు దొరికింది, వంటగదితో సహా. లాడ్జిల మీద ఆశ వదులుకున్నాక ఇదే నయమనిపించింది. జనవరిలో ఏడు రోజులు, మేలో కడప నుంచి వచ్చాక ఎనిమిది రోజులు అదే ఇంట్లో ఉన్నాం. ఇంటావిడ రెండో రోజే ఓళిగలు పంపారు, మీద నెయ్యి వేసి.

మే పగలు ఇక్కడా నలభై దాటింది, అందులో తేడా ఏం లేదు. కానీ ఊరు సముద్రమట్టానికి మూడొందల మీటర్ల పైన, చుట్టూ బయలు, కొండలు కమ్మేసినట్టు ఉండవు. సాయంత్రం ఏడు దాటాక పడమర నుంచి గాలి మొదలవుతుంది. రెండో రాత్రి తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి చూస్తే అత్తయ్య దుప్పటి నడుముదాకా లాక్కుని పడుకున్నారు. నేను లేచి కూర్చుని చాలాసేపు ఆమె ఊపిరి వింటూ ఉండిపోయాను. గురక తప్ప ఈల లేదు. ఎనిమిది రాత్రుల్లో నెబ్యులైజర్ రెండుసార్లే తీశాం. ఎయిర్ కూలర్ కూడా పెట్టి చూశాం, పొడిగాలి కాబట్టి బాగా పనిచేస్తుంది, కానీ ఆ తడిగడ్డి వాసన ఆమెకు పడలేదు, దగ్గొచ్చింది. తీసేశాం.

నీళ్ల సంగతి మాత్రం పచ్చిగా చెబుతాను. మున్సిపల్ నీళ్లు పెన్న అహోబిలం రిజర్వాయర్ నుంచి వస్తాయి, మా వీధిలో మేలో రోజు విడిచి రోజు వచ్చేవి. కొళాయి వచ్చే పూట ఇంటావిడ సంపు మూత తీసి, ఊగుతున్న పైపును ఇటుకరాయితో అదిమిపెట్టి, అది నిండేదాకా అక్కడే పీట వేసుకుని కూర్చునేవారు, ఫోన్ వచ్చినా లేచేవారు కాదు. సంపు లేని ఇల్లు తీసుకుంటే ఇక్కడ బతకలేరు. బోరు నీళ్లు స్నానానికి, గిన్నెలకు సరే, తాగడానికీ వంటకీ వద్దు. ఈ జిల్లాలో భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ సమస్య పాతది, దానివల్ల ఎముకలు వంగిపోయినవాళ్లున్న పల్లెలున్నాయి. 1990ల్లో సత్యసాయి తాగునీటి పథకం వచ్చాక వందల పల్లెలకు మంచినీళ్లు అందాయని ఇంటావిడ చెబుతుంటే, ఆ మాటలో భక్తి కన్నా బిందె మోసిన మనిషి ఊరట ఎక్కువ వినిపించింది నాకు.

వైద్యానికి ఊళ్లో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. ఈసారి ముందే జాగ్రత్తపడి మా ఆయన రాత్రి పన్నెండింటికి వెళ్లి క్యాజువాలిటీ చూసొచ్చారు, ఇంటి నుంచి ఆటోలో తొమ్మిది నిమిషాలు. పాతిక కిలోమీటర్ల దూరంలో బత్తలపల్లిలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ ఆసుపత్రి ఉంది. గుండె జబ్బులకైతే పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఉంది, 1991 నుంచి ఉచితంగా చేస్తున్నారు. అంతకు మించింది కావాలంటే బెంగళూరు, రెండొందల కిలోమీటర్ల పైన. మా అబ్బాయి పూణెలో ఉంటాడు, వాడికి ఇదే బాగా నచ్చింది. బెంగళూరు ఎయిర్‌పోర్టు దేవనహళ్లిలో, అంటే అనంతపురం వైపే ఉంది కాబట్టి సిటీ ట్రాఫిక్‌లోకి వెళ్లకుండా హైవే ఎక్కితే మూడు గంటల్లో ఇంట్లో ఉంటాడు. మాకు ఢిల్లీ వెళ్లాలంటే కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఈ స్టేషన్లోనే ఆగుతుంది, రెండు రాత్రుళ్ల ప్రయాణం.

మాకు తీరని లోటు, చుట్టాలు లేకపోవడం. కడపలో అత్తయ్య మంచం పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరుండేవారు, ఇక్కడ ఇంటావిడ తప్ప మనిషి లేదు. ఈ మాట బావకు ఫోన్లో చెప్పడం మా ఆయన వల్ల కాలేదు, నేనే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మకు నిద్ర పడతాందా?" అని అడిగారు. పడుతోంది బావా అన్నాను. "అయితే సరే మా. నెలకు రెండు తూర్లు మేమే వస్తాం" అన్నారు.

ఢిల్లీ ఫ్లాటు అమ్మట్లేదు, అద్దెకిస్తున్నాం. అనంతపురంలో అదే కింది వాటా అక్టోబర్ నుంచి పదకొండు నెలలకు మాట్లాడుకున్నాం, నెలకు పదివేలు, రెండు నెలల అడ్వాన్స్. ఇంకా ఒకటి తేలాలి. జూన్, జూలైలో ఇక్కడ గాలి మామూలుగా వీయదు, ఈ జిల్లాలో గాలిమరలు అన్నేసి పెట్టింది ఊరికే కాదు. ఎండిన నేల మీద ఆ గాలికి లేచే దుమ్ము అత్తయ్య ఊపిరితిత్తులకు ఎంత పడుతుందో తెలియాలి. అందుకని జూలైలో మా ఆయన ఒక్కరే వెళ్లి పది రోజులు ఆ ఇంట్లో ఉంటారు. పడమటి కిటికీలకు సన్నవల కొట్టించి, రోజూ సాయంత్రం తడిగుడ్డతో కిటికీ అరుగు తుడిచి ఫోటో పంపమన్నాను. ఆ గుడ్డ చూశాకే అడ్వాన్స్ డబ్బులు వెయ్యాలని అనుకున్నాం.