రెండు బిళ్లల మధ్య నాలుగు గంటలు: ఆరేళ్లు కాల్షియం వాడాక

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు కాల్షియం బిళ్లను దానికి కనీసం నాలుగు గంటల ఎడంలో వేసుకోవాలి. ఈ ఒక్క ముక్క నాకు నాలుగేళ్లు ఆలస్యంగా తెలిసింది. తెలిసేలోపు ఏడాదిన్నర పాటు మనిషిని మనిషిలా లేను. అందుకే ఈ సమీక్షలో మిగతా సంగతులన్నీ కుదించి దీనికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

నాకు 57 ఏళ్లు. తెనాలి దగ్గర ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. 2019 ఫిబ్రవరి నుంచి కాల్షియం, విటమిన్ డి వాడుతున్నాను. మొదలుపెట్టడానికి కారణం మా అమ్మ. 74వ ఏట వంటగది గడప దగ్గర జారింది. ఎత్తు నుంచి పడిందేమీ లేదు, ఉన్నచోటే కూలబడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక కూడా కర్ర లేకుండా నడవలేదు. ఎముక లోపల గుల్లబారిపోయిందని డాక్టరు ఎక్స్‌రే చూపిస్తూ చెబుతుంటే నాకు నా సంగతే తలపుకొచ్చింది. అప్పటికి నాకు నెలసరి ఆగి రెండేళ్లు. వెళ్లి డెక్సా స్కాన్, అంటే ఎముక సాంద్రత కొలిచే పరీక్ష, చేయించుకున్నాను. నడుము దగ్గర టీ-స్కోరు (పడుచు వయసు ఎముకతో పోలిస్తే ఎంత తగ్గిందో చెప్పే అంకె) మైనస్ 2.1. మైనస్ 2.5కి చేరితే బోలు ఎముకల వ్యాధి అంటారు. నేను దాని గుమ్మం దాకా వచ్చి ఉన్నాను. రక్తంలో విటమిన్ డి 9. ఇరవై లోపు ఉంటే లోపం కిందే లెక్క.

రోజూ ఎండన పడి బడికి పోయేదానికి డి ఎందుకు తగ్గిందని అడిగాను. "చీర, జాకెట్టు, గొడుగు పోగా ఒంటి మీద ఎండ పడేది ఎంతమ్మా?" అన్నారు డాక్టరు గారు. తర్వాత చదివితే తెలిసింది, తిరుపతిలో జరిగిన పరిశోధనల్లో పల్లెల్లో ఉండేవాళ్లలో కూడా ఈ లోపం కనిపించిందట. చర్మంలో డి బాగా తయారయ్యేది పొద్దున పదకొండుకీ మధ్యాహ్నం రెండుకీ మధ్య కాసే ఎండలోనట. మనం మంచిదని నమ్మే లేత ఎండలో తయారయ్యేది చాలా తక్కువ. మా వైపు మే నెలలో పదకొండు దాటాక ఎవరు నిలబడగలరు?

విటమిన్ డి పొడి విషయంలో మాత్రం నేను ఊహించనంత మేలు జరిగింది. 60 వేల యూనిట్ల ప్యాకెట్, వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే గ్లాసు పాలల్లో కలుపుకుని తాగేదాన్ని. ఇది కొవ్వులో కరిగే విటమిన్ కాబట్టి పాలతోనో భోజనంతోనో తీసుకుంటే బాగా ఒంటికి పడుతుందట. అంతకు ముందు ఏడాదిగా నేల మీద కూర్చుంటే గోడో మంచమో పట్టుకోకుండా లేవలేకపోయేదాన్ని. వయసు వల్లేనని సరిపెట్టుకున్నాను. ఆరో వారమో ఏడో వారమో, గుమ్మంలో ముగ్గు వేసి చిప్ప చేత్తో పట్టుకుని లేచాను. లేచాక గుర్తొచ్చింది, దేన్నీ పట్టుకోలేదని. డి బాగా తగ్గితే ఎముకే కాదు, తొడల్లో కండ కూడా నీరసిస్తుందని అప్పుడు తెలిసింది. మూడు నెలల తర్వాత పరీక్షలో 34 వచ్చింది.

ఆ సంబరంలో కనపడిన వాళ్లందరికీ ఈ పొడి తాగమని చెప్పాను. ఇప్పుడు అలా చెప్పను. మా వీధిలో ఒక పెద్దావిడ వారానికి ఒకటి అన్నది సరిగా వినక రోజుకొకటి చొప్పున నెల దాటి తాగింది. వాంతులు, మతి తప్పినట్టు మాటలు, ఆసుపత్రిలో వారం. రక్తంలో కాల్షియం బాగా పెరిగి కిడ్నీల మీద పడిందన్నారు. డాక్టరు ఎవరికి పొడి రాసిచ్చినా, క్యాలెండర్లో ఆ వారాల చుట్టూ సున్నాలు చుట్టి పెట్టమని మాత్రం చెబుతున్నాను. నా మటుకు కూడా కోర్సు అయ్యాక పూర్తిగా ఆపేస్తే ఏడాదిన్నరకి మళ్లీ 19కి దిగింది. ఇప్పుడు డాక్టరు చెప్పినట్టు నెలకొకటి తాగుతున్నాను.

ఇక కాల్షియం.

నేను వాడేది 500 మిల్లీగ్రాముల రకం. కాల్షియం కార్బొనేట్ 1250 మిల్లీగ్రాములుంటే అందులో అసలు కాల్షియం 500. మొదట రెండున్నరేళ్లు రాత్రి భోజనం అయ్యాక వేసుకునేదాన్ని. అంతా బాగానే ఉంది, మలబద్ధకం తప్ప. పొద్దున కడుపు ఉబ్బరంగా, బరువుగా ఉండేది. బడికి ఎనిమిదికల్లా బస్సు అందుకోవాలి. అందుకని 2021 అక్టోబరులో నా అంతట నేనే వేళ మార్చుకున్నాను. అప్పటికి తొమ్మిదేళ్లుగా థైరాయిడ్‌కి 75 మైక్రోగ్రాముల మాత్ర వాడుతున్నాను. అది ఐదున్నరకు పరగడుపున. ముప్పావుగంట ఆగి ఇడ్లీ తిని కాల్షియం. రెండూ ఒకే డబ్బాలో పెట్టుకున్నాను, మరిచిపోకుండా ఉంటుందని.

నాలుగు నెలలు తిరిగేసరికి జుట్టు దువ్వెన నిండా రావడం మొదలైంది. పొద్దున ముఖం ఉబ్బి ఉండేది. నాలుగు కిలోలు పెరిగాను. నాలుగో పీరియడ్‌కి బోర్డు దగ్గర నిలబడలేక కుర్చీ లాక్కునేదాన్ని. పిల్లల పేర్లు నోటికి రాక తడబడేదాన్ని, ఆ టెన్షన్ ఇంకొకటి. 2022 మార్చిలో పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 8.9. థైరాయిడ్ మందు ఒంటికి చాలకపోతే రక్తంలో ఈ అంకె పెరుగుతుంది, ఎక్కువైతే తగ్గుతుంది. నాకు ఎప్పుడూ రెండు, మూడు మధ్య ఉండేది. మాత్ర 100కి పెంచారు. జూన్‌లో 7.6. సెప్టెంబరులో 125 చేశారు. 2023 జనవరిలో ఇంకా 5.8. ప్రతిసారీ ఒకే ప్రశ్న: "మాత్ర రోజూ పరగడుపునే వేసుకుంటున్నారా?" "వేసుకుంటున్నానండీ." అంతటితో సరి. కొలెస్ట్రాల్ కూడా పెరిగిందని దానికింకో మాత్ర రాశారు. నేను మాత్రలు ఎగ్గొడుతున్నానేమోనని మా ఇంట్లో వాళ్లకే అనుమానం వచ్చింది. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది.

2023 ఏప్రిల్‌లో మా వదిన గుంటూరులో వేరే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఫోన్లో టైమ్ ఇచ్చేటప్పుడే చెప్పారు, ఇంట్లో వాడేవన్నీ, బలానికి వేసుకునేవి కూడా, కవర్లో వేసుకుని రమ్మని. ఆవిడ ఒక్కొక్క షీటూ తీసి టేబుల్ మీద పరిచారు. కాల్షియం షీటు దగ్గర ఆగారు.

"ఇది ఎప్పుడు వేసుకుంటారమ్మా?"

"పొద్దున టిఫిన్ తర్వాతండీ."

"థైరాయిడ్ మాత్ర వేసుకున్న ఎంతసేపటికి?"

"ఓ గంటకండీ."

ఆవిడ పెన్ను కింద పెట్టి నా వంక చూశారు. నాకు అప్పటికీ అర్థం కాలేదు.

ఆవిడ చెప్పింది ఇది. కాల్షియం, థైరాయిడ్ మందు పొట్టలో కలిస్తే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అలా అతుక్కున్న మందు పేగు గోడ దాటి రక్తంలోకి పూర్తిగా పోదు. మింగుతున్నాం గానీ ఒంటికి అందదు. అరగంట, గంట ఎడం చాలదు, నాలుగు గంటలుండాలి. ఐరన్ మాత్రలకీ, గ్యాస్‌కి తాగే కొన్ని మందులకీ ఇదే వర్తిస్తుంది. ఇన్నాళ్లూ మోతాదు పెంచుకుంటూ పోయారు గానీ, పెంచిన దాంట్లో కొంత నా కాల్షియమే ఆపేస్తూ వచ్చింది.

కథ అక్కడితో అయిపోలేదు. కాల్షియం మధ్యాహ్నానికి మార్చాను. మార్చిన మూడు వారాలకే రాత్రుళ్లు గుండె దడ, చేతులు వణుకు, చెమటలు. ఇలా జరగొచ్చని ఆవిడ ముందే హెచ్చరించి ఉండబట్టి వెంటనే వెళ్లాం. టీఎస్‌హెచ్ 0.08. అడ్డు తొలగింది కదా, 125 మొత్తం ఒంటికి పట్టడం మొదలైంది. అప్పుడు ఆవిడ చెప్పిన మాట నేను మరిచిపోలేను. థైరాయిడ్ మందు అవసరానికి మించితే, అందులోనూ నెలసరి ఆగినవాళ్లకి, ఎముకలు ఇంకా త్వరగా పలచబడతాయట. ఎముకల కోసం మొదలుపెట్టిన బిళ్లను వేళ తప్పి వేసుకున్నందుకు, చివరికి ఎముకల మీదికే వచ్చింది. మోతాదు 100 చేసి, ఆరు వారాలకు పరీక్ష, మళ్లీ 75 చేసి, మళ్లీ ఆరు వారాలు. అక్టోబరుకి గాని కుదుటపడలేదు. కొలెస్ట్రాల్ మాత్ర కూడా ఆ తర్వాత ఆపేశారు.

నా కోపం ఎవరి మీద అంటే, ఒక్కరి మీద కాదు. మెడికల్ షాపులో పది బిళ్లలు కావాలంటే షీటు కత్తిరించి ఇస్తారు. చీటీ ఉండదు, పెట్టె ఉండదు. ఒక్కోసారి గడువు తేదీ ఉన్న ముక్క వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. నేను వాడిన షీటు వెనుక ఉన్నది డాక్టరు సలహా మేరకు వాడమన్న ఒక వాక్యం, అదీ ఇంగ్లీషులో. థైరాయిడ్ మాట లేదు. మన ఆడవాళ్లలో థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఎంతమంది ఉన్నారో ఏ స్టాఫ్‌రూమ్‌లో అడిగినా తెలుస్తుంది. అదే వయసువాళ్లే కాల్షియమూ వేసుకుంటారు. షీటు మీద తెలుగులో ఒక్క లైను అచ్చు వేయడానికి ఏమంత కష్టం? నా వైపు నుంచీ పొరపాటుంది. ఏం మందులు వాడుతున్నారని అడిగినప్పుడల్లా థైరాయిడ్ ఒక్కటే చెప్పాను. కాల్షియం బలానికి వేసుకునేది, అది మందు అనే ఆలోచనే నాకు రాలేదు. షాపులో అడగ్గానే చేతిలో పెట్టేదాన్ని మందని ఎవరు అనుకుంటారు?

మలబద్ధకం సంగతి. మధ్యాహ్నం భోజనంతో వేసుకోవడం మొదలుపెట్టాక సగం తగ్గింది, నీళ్లు ఎక్కువ తాగడం వల్ల ఇంకొంత. కార్బొనేట్ రకం అరగాలంటే పొట్టలో ఆమ్లం కావాలి, అందుకే భోజనంతోనే వేసుకోవాలి. మా వారు ఎసిడిటీకి రోజూ మాత్ర వేసుకుంటారు. అలాంటివాళ్లకి సిట్రేట్ రకం మేలని ఆయనకు అదే రాశారు. అది పరగడుపున కూడా వేసుకోవచ్చు, కడుపు కూడా అంతగా బిగదీయదు. కాకపోతే ఒక్కో బిళ్లలో అసలు కాల్షియం తక్కువ, ధర ఎక్కువ.

మొదట్లో నాకు రోజుకు రెండు బిళ్లలు రాశారు. ఇప్పుడు ఒకటే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం నెలసరి ఆగిన స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాములు కావాలి. గుంటూరు డాక్టరమ్మ కాగితం తీసి నా తిండి రాయమన్నారు. పాలు, పెరుగు కలిపి రెండు గ్లాసులు, అది 450 పైన. పొద్దున రాగి జావ, పిండి 50 గ్రాములు, ఇంకో 170. మునగాకు పప్పు, నువ్వుల పొడి వేసిన కూరలు. దాదాపు 700 తిండిలోనే వస్తోంది. మిగతాదానికి ఒక్క బిళ్ల చాలన్నారు. పాలు పడనివాళ్లకు, పెరుగు తిననివాళ్లకు ఈ లెక్క వేరే ఉంటుంది.

మోకాళ్ల నొప్పులకు ఇది మందు కాదు. నా కుడి మోకాలు 2019లో ఎంత నొప్పిగా ఉందో ఇప్పుడూ అంతే. అది కీలు అరుగుదల, కాల్షియంతో పోయేది కాదు. ఈ ఆశతో డబ్బులు పెట్టేవాళ్లు నాకు చాలామంది తెలుసు.

మరి ఎముకలకైనా పనిచేసిందా? 2019లో మైనస్ 2.1, 2021లో మైనస్ 2.0, 2024లో మైనస్ 2.2. పెరగలేదు, బాగా పడిపోనూ లేదు. నెలసరి ఆగిన మొదటి కొన్నేళ్లలో ఎముక వేగంగా తరుగుతుంది కాబట్టి, నిలబడటమే మేలని డాక్టరమ్మ అంటారు. అందులో బిళ్ల వాటా ఎంతో, రాగి జావ వాటా ఎంతో, సాయంత్రం నడక వాటా ఎంతో విడదీయలేం. అమెరికాలో నెలసరి ఆగిన 36 వేల మందికి పైగా స్త్రీలపై ఏడేళ్లు జరిపిన పెద్ద పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. కాల్షియం, డి వాడినవాళ్లలో ఎముక సాంద్రత కొద్దిగా మెరుగుపడింది గానీ తుంటి విరగడం స్పష్టంగా తగ్గలేదు, కిడ్నీ రాళ్లు కొంచెం పెరిగాయి. అది చదివాక బిళ్ల ఉంది కదా అన్న ధీమా పోయింది. బాత్రూంలో పట్టుకోవడానికి రాడ్ పెట్టించాను, అమ్మ జారిన గడప దగ్గర లైటు వేయించాను.

అయినా నేను ఆపను. డి లోపం పరీక్షలో తేలింది, అమ్మ తుంటి విరగడం కళ్లారా చూశాను, నాకు కిడ్నీ రాళ్లు లేవు, డాక్టరమ్మ ఆర్నెల్లకోసారి రక్తం చూస్తున్నారు. ఈ నాలుగూ ఉన్నాయి కాబట్టి వాడుతున్నాను. ఇందులో ఏది మీకు లేకపోయినా నా అనుభవం మీకు సరిపోకపోవచ్చు. రాళ్లు వచ్చి ఉన్నవాళ్లు మాత్రం అడగకుండా మొదలుపెట్టవద్దు.

ఇప్పుడు థైరాయిడ్ సీసా మంచం పక్కన అల్మరాలో ఉంటుంది. కాల్షియం షీటు బడి బ్యాగులో, క్యారియర్ పక్కన. పోయిన నెల స్టాఫ్‌రూమ్‌లో అన్నం తింటూ బిళ్ల తీస్తే పక్క సీటు మేడం అడిగారు, మధ్యాహ్నం ఎందుకు వేసుకుంటున్నారని. చెప్పాను. ఆవిడ ముద్ద ప్లేటులోనే పెట్టేసి, "నేను రెండూ పొద్దున్నే కలిపి వేసుకుంటున్నానండీ, మూడేళ్లుగా" అన్నారు. మోతాదు తనంతట తాను మార్చుకోవద్దని, ముందు డాక్టరుకి చెప్పి ఆరు వారాలకు టీఎస్‌హెచ్ చేయించుకోమని చెప్పాను. వచ్చే శనివారం ఆవిడ రిపోర్టు వస్తుంది.